పొగయు, పట్టును
(రజతోత్సవములలో రెండవనాటి సాయంకాల సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నిన్నటి సభలో పెద్దలు భారతమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చక్కగా ప్రసంగించిరి. నేను పండితుడను కాను. ముప్పదియేండ్లు ఐ.టి.ఐ.లో మోటారు మెకానికు పని నేర్పి విశ్రాంతి గైకొన్నవాడను. నా చేతులకు కాగితపు వాసనకంటె గ్రీజు వాసనయే యెక్కువ. కనుక నేనెరిగిన విషయమునే చెప్పెదను. మోటారు పందెములలో టైరును వేడిచేసి, గాలి సవరించి, నేలపై పట్టు తెప్పించు విధానమే నా ప్రసంగ విషయము. రజతోత్సవ సభలో ఇదేమి ప్రసంగమని మీరాశ్చర్యపడవచ్చును. దానికి కారణము మన గ్రంథాలయములోనే కలదు.

పఠనమందిరపు ద్వారము ప్రక్కన దారముతో కట్టిన ప్రశ్నల పుస్తకమొకటి వ్రేలాడుచుండుట మీరందరెరుగుదురు. ఎవరైనను పేరు వ్రాయకయే ప్రశ్న వ్రాయవచ్చును. తెలిసినవారు దాని క్రింద సమాధానము వ్రాయవలెను. మొదటినుండియు ఇది మన మర్యాద. పోయిన కార్తిక మాసమున అందులో ఒక ప్రశ్న చూచితిని. "డ్రాగ్ రేసులో వాళ్లు టైరు కాలిస్తే పట్టు పెరుగుతోంది. నేను కాలిస్తే పట్టు పోయింది. ఎందుకు?" అని యుండెను.

పేరు లేకున్నను దస్తూరి గుర్తించితిని. అది మా అన్నగారి కుమారునిది. అతని అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను. అతడు మూడవ వరుసలో కూర్చుండియున్నాడు. అంతకు ముందటి వేసవిలో మన వీధిలో ఒక పెండ్లి ఊరేగింపు జరుగుచుండగా అతడు మోటారు సైకిలు ముందరి బ్రేకు బిగబట్టి, వెనుక చక్రమును గిర్రున త్రిప్పి పొగ లేపెను. పిల్లలు ఈలలు వేసిరి. పెద్దలు నవ్విరి. నేనును అరుగుమీద నిలుచుండి చూచి, ఇంజను ధ్వని బాగుగ నున్నదని మాత్రమే అనుకొంటిని. అట్లు రెండు మూడు వేడుకలలో జరిగినది. తొలకరి వానలు పడిన పిదప ఒకనాటి సాయంకాలము, కాలువ వంతెన మలుపునొద్ద, పెద్ద వేగమేమియు లేకుండగనే వెనుక చక్రము ప్రక్కకు జారి అతడు పడిపోయెను. కాలి యెముక రెండుచోట్ల విరిగినది. అయిదు మాసములు మంచముపై నుండెను. ఆ అయిదు మాసములును మన గ్రంథాలయపు పుస్తకములే అతనికి తోడు. ఆ దినములలోనే ఫోనులో అమెరికా పందెముల దృశ్యములు చూచుచుండగా అతనికి ఈ ప్రశ్న తోచినదట. చేతికఱ్ఱ ఊతతో మొదటిసారి వీధిలోనికి వచ్చిననాడు గ్రంథాలయమునకు వచ్చి దానిని వ్రాసెను.

ముప్పదియేండ్లు ఇతరుల బిడ్డలకు ఘర్షణ సూత్రములు నేర్పిన నేను మా యింటి బిడ్డకు సమయమున ఒక్కమాట చెప్పనైతిని. పుస్తకములో నాలుగు పంక్తులు వ్రాసి ఊరకుండుటకు మనసొప్పలేదు. అందుచేత నా సమాధానమును సభాముఖమున చెప్పుచున్నాను.

డ్రాగ్ రేసు అనునది తిన్నని బాటపై రెండు వాహనములు ప్రక్కప్రక్కన నిలిచి, ఒక్కసారిగా బయలుదేరి, నిర్ణీత దూరమును ఎవరు ముందు చేరుదురో తేల్చుకొను పందెము. అందు మలుపులు లేవు. దూరము సంప్రదాయముగా పావు మైలు. అనగా 1320 అడుగులు, సుమారు 402 మీటర్లు. ఇది అమెరికాలో పెరిగిన క్రీడ. 1950లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాంటా ఆనాలో విమానములు దిగు బాటపై క్రమబద్ధమైన పందెములు ఆరంభమైనవి. మరుసటి యేట, 1951లో, వాలీ పార్క్స్ అను నాతడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించెను. వీధులలో పందెములాడు యువకులను అచ్చటినుండి తప్పించి, కట్టుబాట్లు గల పందెపు బాటలకు తెచ్చుట ఆ సంస్థ ఉద్దేశములలో ముఖ్యమైనది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మన దేశమునను చెన్నై సమీపమున శ్రీపెరుంబుదూరునొద్ద గల పందెపు బాటపై మోటారు సైకిళ్లకు జాతీయ డ్రాగ్ పందెములు జరుపబడినవి. ఒక పర్యాయము నేనచ్చటికి పోయి చూచితిని.

మన ప్రాంతపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూచినవారికి ఈ క్రీడలోని కీలకము సులభముగ బోధపడును. ఎద్దునకు ఎంత బలమున్నను గిట్ట నేలను పట్టిననే బండ కదలును. ఆ జతనే నున్నని చట్టుమీద నిలిపి అదలించినచో గిట్టలు జారునే కాని బండ కదలదు. బలము ఎద్దుది, ఆ బలమును నేలకు అప్పగించునది గిట్ట. మోటారు బండికి ఇంజను ఎద్దు, టైరు గిట్ట. అత్యున్నత తరగతి డ్రాగ్ కార్ల ఇంజను పదివేల అశ్వశక్తికి మించినది. ఆ శక్తియంతయు నేలను చేరుటకు త్రోవ ఒక్కటే: వెనుకనున్న రెండు టైర్లు నేలను తాకుచోట ఏర్పడు రెండు రబ్బరు మచ్చలు.

ఇక పట్టు ఎంత యుండవచ్చునో కొంచెము లెక్కించి చూతము. పూర్వము మనము చదువుకొన్న ఘర్షణ సూత్రములు 1699లో అమొంటన్ అను నాతడును, 1785లో కూలూమ్ అను నాతడును చెప్పినవి. వానిని బట్టి ఘర్షణ బరువునకు తగినట్లుండును గాని, తాకు వైశాల్యముపై ఆధారపడదు. టైరు పట్టు బండి బరువునకు సమానమగుటయే పరమావధి యనుకొందము. బరువంతయు వెనుక చక్రములపైననే పడినను, అట్టి బండి తాటిచెట్టునుండి రాలు పండు ఎంత త్వరగా వేగము పుంజుకొనునో అంతకంటె త్వరగా పుంజుకొనజాలదు. ఆ లెక్కన పావు మైలు దాటుటకు తొమ్మిది సెకండ్లకు పైగా పట్టవలెను. గమ్యమునొద్ద వేగము గంటకు సుమారు 320 కిలోమీటర్లు కావలెను. కాని 2006లో టోనీ షూమాకర్ అను పందెగాడు అదే దూరమును 4.428 సెకండ్లలో దాటెను! కారుపై అమర్చిన రెక్కలు గాలిచేత కారును నేలకు అదుముట కొంత కారణము. తక్కిన కారణము టైరే. రబ్బరు ఆ పాత సూత్రములకు లోబడదు.

ఏల లోబడదు? రబ్బరు నేలను రెండు విధములుగ పట్టును. మొదటిది అంటుకొనుట. పరిశుభ్రమైన రబ్బరు, పరిశుభ్రమైన నేల మిక్కిలి దగ్గరగా తాకినప్పుడు వాని అణువులు ఒకదానినొకటి ఆకర్షించును. రెండవది ఒదుగుట. నేలయందలి సన్నని గరుకులలోనికి మెత్తని రబ్బరు దిగి, కదలబోవునప్పుడు వెంటనే పూర్వరూపమునకు రాక పెనుగులాడును. ఆ పెనుగులాట కదలికను అడ్డును. ఈ రెండును రబ్బరు వేడిమిపైనను, జారు వేగముపైనను ఆధారపడి యుండునని 1963లో గ్రోష్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో చూపెను. చల్లని రబ్బరు బిరుసుగానుండి గరుకులలోనికి దిగదు. తగిన వేడి తగిలినప్పుడు మెత్తబడి దిగును. వేడి మించెనా, పైపొర జిడ్డువలె కరగి నేలకును టైరునకును నడుమ తానే జారుడు పదార్థమగును. మన యింటి స్త్రీలు అరిసెలకు పాకము పట్టుట ఎరుగుదురు. లేతపాకమైనను అరిసె కుదరదు, ముదురుపాకమైనను కుదరదు; నడుమ కొన్ని క్షణములే సరియైన పదును. టైరునకు గూడ అట్టి పదునొకటి కలదు. పందెగాని నేర్పు ఆ పదును పట్టుకొనుటలో నున్నది.

ఈ క్రీడ తొలినాళ్లలో ఈ సంగతి అందరకు తెలియదు. 1960 ప్రాంతములందు పెద్ద కార్లు బాట పొడవునను పొగ చిమ్ముచునే పోవుచుండెడివి. పట్టుకొరకు కొందరు టైరు క్రింద గుగ్గిలపు పొడి వంటిది చల్లిరి. 1960ల తుదినాటికి బట్టల చలువకు వాడు బ్లీచు ద్రవమును పోసి, అందులో చక్రములను త్రిప్పి వేడిచేయుట వచ్చినది. ఆ ఆవిరి కన్నులకును ఊపిరికిని హానికరము. పిమ్మట నీరే చాలునని తేలినది. నేడు బయలుదేరు గీతకు వెనుక నేలను తడిపి యుంచుదురు. పందెమునకు ముందు అచ్చట చక్రము త్రిప్పి పొగ లేపుటను బర్నౌటు అందురు. చూచువారికి అది ఆర్భాటముగ తోచును. అది ఆర్భాటము కాదు; సాము చేయుటకు ముందు మల్లుడు ఒడలు వేడెక్కించుకొనుట వంటిది. అసలు పందెము మొదలైన తరువాత పొగ కనబడినచో అది పరాజయ చిహ్నమే. చక్రము తిరుగుచున్నది గాని బండి పోవుటలేదని దాని అర్థము.

బర్నౌటునకు ముందు చేయవలసిన పని గాలి సవరణ. మన కార్ల టైర్లలో చదరపు అంగుళమునకు ముప్పది పౌనులకు పైబడి గాలి యుండును. డ్రాగ్ పందెపు టైరును స్లిక్కు అందురు. దానికి గాడులు లేవు; నున్నగా, వెడల్పుగా, ప్రక్కగోడలు పలుచగానుండును. అందలి గాలి సామాన్యముగ పది పౌనులకు పైని, ఇరువదికి లోపల. అత్యున్నత తరగతి కార్ల వెనుక టైర్లలో ఏడు పౌనులకు అటునిటుగా మాత్రమే యుండును. గాలి తక్కువైనచో టైరు పరచుకొని నేలను ఎక్కువ మేర తాకును. అంతియేకాదు. బండి బయలుదేరు క్షణమున చక్రపు లోహము ముందు తిరుగును, రబ్బరు వెనుకబడును, ప్రక్కగోడ పిండిన గుడ్డవలె ముడుతలు పడును. ఆ ముడుత ఇంజను దెబ్బను ఒక్కసారిగా నేలపై పడనీయక మెల్లగా అందించును. వేగము పెరిగిన కొలది తిరుగుడు బలముచేత టైరు సాగి యెత్తగును. అప్పుడు బండికి పై గేరు వేసినంత ఫలము కలుగును.

అట్లని గాలి ఎంత తగ్గించిన అంత మేలనుకొనరాదు. మరీ తగ్గినచో టైరు అంచులు మాత్రమే నేలను పట్టి నడుమ తేలిపోవును. వేగములో బండి అటునిటు ఊగును. మరీ ఎక్కువైనచో నడుమ మాత్రమే పట్టును. కనుక నేర్పరులు అర పౌను చొప్పున మార్చి చూచుచు, ప్రతి పర్యాయము ఫలితమును పుస్తకములో వ్రాసికొందురు. ఎల్లప్పుడు ఒకే గాలి కొలత సాధనమును వాడుదురు. ఏలనన రెండు సాధనములు ఒకే మాట చెప్పుట అరుదు. బండి ఎండలో నిలిచినచో ఎండవైపు టైరులో గాలి వేడెక్కి పీడనము పెరుగును. రెండువైపుల భేదము వచ్చినచో బండి ఒకవైపు లాగును. అందుచేత టైర్లకు నీడ పట్టుదురు. రెండు వెనుక టైర్ల చుట్టుకొలతను టేపుతో కొలిచి సరిచూతురు. ముందరి సన్నని టైర్లలో మాత్రము గాలి గట్టిగా నింపుదురు. అవి లాగు టైర్లు కావు, తేలికగా దొర్లిన చాలును. అంత తక్కువ గాలితో అంత లాగుడు లాగినప్పుడు టైరు చక్రముపైననే జారకుండుటకు చక్రపు అంచున మరలు బిగించుటయు కలదు.

గాలి సరిచూచిన పిమ్మట బండిని తడి నేలయొద్దకు తెత్తురు. ముందరి చక్రములు తడవకుండ చూచుకొందురు. వెనుక టైర్లను తడిపి, నీటిగుంటలోనే నిలువక కొంచెము ముందుకు, తడియారని నేలమీదికి, వచ్చి నిలుతురు. నీటిలోనే త్రిప్పినచో నీరు బండి లోపలి భాగములకెగసి, తీరా బయలుదేరు గీతమీద బొట్లుబొట్లుగా కారును. గాడులు గల పందెపు టైర్లయినచో గాడులలో నీరు నిలుచును. అందుచేత వారు నీటిని చుట్టివచ్చి, వెనుకకు నడిపి, అంచు మాత్రమే తాకించుదురు. నీటి ప్రయోజనము రెండు విధములు. టైరుకంటిన దుమ్మును, ఇసుకను కడుగును. చక్రము తిరుగుట ఆరంభించునప్పుడు ఇరుసులపై హఠాత్తుగా దెబ్బ పడకుండ చేయును.

తరువాత ముందరి బ్రేకులు మాత్రమే పట్టియుంచు లైన్ లాక్ అను సాధనముతో బండిని నిలిపి, వెనుక చక్రములను వేగముగ త్రిప్పుదురు. నీరు ఎగిరిపోవును, రబ్బరు వేడెక్కును, పొగ మొదలగును. ఎంతసేపన్నది టైరును బట్టి యుండును. రేడియల్ రకపు టైరు త్వరగా వేడెక్కును. సన్నని పొగ కనబడగనే ఆపవలెను. ఏటవాలు దారముల పొరలతో అల్లిన పాత పద్ధతి స్లిక్కునకు కొంత ఎక్కువ కావలెను. పొగ దట్టముగ లేచువరకు త్రిప్పుదురు. అయినను లెక్క సెకండ్లలోనిదే. ఆపునప్పుడు గూడ హఠాత్తుగా ఆపరు. లైన్ లాకును వదలి, తిరుగుచున్న చక్రములే బండిని మెల్లగా ముందుకు తీసికొనిపోవునట్లు చేయుదురు. పెద్ద కార్లు బర్నౌటులో గీత దాటిపోయి, మరల వెనుకకు వచ్చును. అప్పుడు ఒక సహాయకుడు ఎదుట నిలిచి చేసైగలతో, ఆ టైర్లు ఇంతకు మున్ను పరచిన నల్లని చారలమీదనే మరల నిలుచునట్లు నడిపించును. క్రొత్తగా పరచిన రబ్బరుమీద వేడి రబ్బరు నిలిచిననే పట్టు అధికము. పిమ్మట ఆలసింపరాదు, పైపొర వేడి త్వరగా చల్లారును.

టైరు ఎంత సిద్ధమైనను బాట సిద్ధము కానిచో వృథా. బయలుదేరు చోటు సాధారణముగ కాంక్రీటుతో కట్టుదురు. దానిని గీకి శుభ్రపరచి, పాత టైర్లతో రాచి రబ్బరు పూత పట్టించి, అంటుకొను ద్రవమును చల్లుదురు. అట్టి బాటపై నడచినచో చెప్పు అంటుకొని ఊడివచ్చును. ఎండ తీవ్రమై బాట కాగినచో పట్టు తగ్గును. కొద్ది చినుకులు పడినను పందెము నిలిపి, బాట ఆరువరకు వేచియుందురు. గాడులులేని టైరు తడి నేలపై నిస్సహాయము.

పందెము ముగిసిన పిదప తెలివిగలవాడు బాటపై తన టైరు చారలను పరిశీలించును. చార నడుమ నల్లగానుండి అంచులు వెలవెలబోయినచో గాలి ఎక్కువ. అంచులు నల్లగానుండి నడుమ వెలిసినచో గాలి తక్కువ. అంతయు ఒకే నలుపైనచో సరి. నేల వ్రాసిన ఆ వ్రాత చదువుట వచ్చినవాడే మరుసటి పర్యాయము మెరుగుపడును. చదువు పుస్తకములలోనే గాక ఇట్లు బాటలమీదను కలదు.

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు వచ్చెదను. వారు కాల్చిన పెరిగిన పట్టు నీవు కాల్చిన ఏల పోయినది?

నాయనా, మొదటిది రబ్బరు. పందెపు టైరు కొలదిసార్లు పరుగెత్తి అరిగిపోవుటకే చేసిన మెత్తని రబ్బరు. నీ మోటారు సైకిలు టైరు వేలకొలది కిలోమీటర్లు మన్నుటకు చేసిన గట్టి రబ్బరు. దానికి అంత వేడి ఉద్దేశింపబడలేదు. వేడి మించినప్పుడు పైపొర కరగి పోయినది. మిగిలినది మరల మరల కాగి చల్లారి మరింత బిరుసెక్కినది.

రెండవది ఆకారము. మోటారు సైకిలు టైరు అడ్డముగ చూచినచో గుండ్రముగ నుండును. మలుపులో బండి వంగునప్పుడు టైరు నడుమనుండి అంచువైపునకు మెల్లగా దొర్లుటకే ఆ గుండ్రదనము. నీవు బండిని నిట్టనిలువుగ నిలిపి త్రిప్పితివి. నడుమభాగము మాత్రమే అరిగి బల్లపరుపైనది. అందుచేత వంతెన మలుపులో బండి వంగగానే టైరు ఆ అరిగిన భాగపు అంచుమీద పడి తడబడినది.

మూడవది గాడులు. మన బాటలమీద వానకాలమున నీరు, బురద ఉండును. టైరు గాడులు ఆ నీటిని ప్రక్కకు తోలి రబ్బరును నేలకు తాకించును. పందెగాడు తడి బాటమీద పోడు గనుక అతనికి గాడులతో పనిలేదు. నీవు పోవలెను. వేడుకలలో నీవు పొగ చేసినది ఆ గాడులనే.

నాలుగవది కాలము. బర్నౌటు పట్టు కొద్ది నిముషముల సొత్తు. వారు కాల్చినది అప్పటికప్పుడు వాడుకొనుటకు. నీవు వేసవిలో కాల్చి తొలకరిలో ఆ టైరుమీద పోయితివి. వేడి ఆ రాత్రియే చల్లారినది. అరుగుదల మాత్రము నిలిచినది.

వారు పొగను పట్టుకొరకు వాడిరి. మనము పట్టును పొగకొరకు ఖర్చుపెట్టితిమి. భేదమంతయు ఇంతే.

ఈ భేదము తెలిసినవారికి నిత్యజీవితమున గూడ ఉపయోగము కలదు. ట్రాక్టరు గల రైతులు దుక్కిలో వెనుక టైరు గాలి కొంత తగ్గించి పట్టు పెంచుకొనుట, రోడ్డెక్కునప్పుడు మరల నింపుట ఇదే సూత్రము. అయితే టైరు తయారుచేసినవారు చెప్పిన హద్దు దాటరాదు. మోటారు సైకిలు గలవారు ఉదయమున, టైరు చల్లగా నున్నప్పుడు, గాలి చూపించుకొనవలెను. ప్రయాణము చేసి వచ్చిన వేడి టైరు కొలత అసలు కంటె ఎక్కువ చూపును. టైరు గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మలు కనబడును. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైన నాడు దాని ఆయువు తీరినదని గుర్తు. ఆ పైని వానలో నడుపుట ప్రాణముతో పందెమాడుటయే. మీ పిల్లల బండ్లను రేపు ఉదయమే వంగి చూడుడు. అందుకు చదువు అక్కరలేదు, కన్నులు చాలును.

యువకులతో ఒక్క మాట. వేగముపై మోజు తప్పని నేననను. ఆ మోజు లేకున్న ఈ విద్యయే పుట్టియుండదు. అయితే అమెరికాలో ఆ క్రీడను నిలబెట్టినవారు మొట్టమొదట చేసిన పని దానిని వీధినుండి తప్పించుట యని జ్ఞాపకముంచుకొనుడు. అంత కట్టుదిట్టములున్న బాటమీద గూడ ప్రాణములు పోయినవి. 2008లో ఒక పందెగాడు మరణించిన పిదప అత్యున్నత తరగతులకు దూరమును పావు మైలునుండి 1000 అడుగులకు తగ్గించిరి. కొండంత శక్తి చేతనున్నవారే హద్దు తగ్గించుకొన్నారు. ఆసక్తి గలవారు శాస్త్రము నేర్చుకొనుడు, శిరస్త్రాణము ధరించుడు, అనుమతి గల పందెపు బాటకు పొండు. మన వీధిలో గేదెలు, పసిపిల్లలు, ముసలివారు నడుతురు. వారెవ్వరును మీ పందెమునకు ఒప్పుకొన్నవారు కారు.

పెద్దలతో ఒక్క మాట. ఆనాడు ఊరేగింపులో పొగ లేచినప్పుడు ఈలలు వేసినవారు పసివారు. వారిది తప్పు కాదు. తెలిసియు అరుగుమీద ఊరకున్నవాడను నేను. బీరువాలో తాళము వేసి యుంచిన పుస్తకమునకును, తెలిసియు నోరు విప్పని మనుష్యునకును భేదము లేదు. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము తలుపులు తెరచి, పుస్తకములను ఇంటింటికిచ్చి, ప్రశ్నల పుస్తకమును ద్వారమునొద్ద వ్రేలాడదీసినది ఈ మౌనమును పోగొట్టుటకే యని నేను నమ్ముచున్నాను. ఒక కుఱ్ఱవాడు తన కాలు విరిగిన కారణమును నిందలలో గాక ప్రశ్నలో వెదకినాడు. ఆ బుద్ధి అతనికి ఈ మందిరమిచ్చినది. ఇంతకంటె రజతోత్సవమునకు వేరు కానుక యేల?

సభ ముగిసిన తరువాత ప్రశ్నల పుస్తకములో అతని ప్రశ్న క్రింద నా సమాధానమును సంగ్రహముగ వ్రాసి సంతకము చేసెదను. ఆలసించినందుకు అతడు నన్ను మన్నించుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని కోరుచున్నాను.